ఫారం 29 అమ్మేవాళ్ళ చేతిలోనే ఉండాలి

పాత కారు అమ్మే రోజున మన చేత సంతకాలు పెట్టించుకునే కాగితాల్లో ఫారం 29 అని ఒకటుంటుంది. రెండో మూడో ప్రతులు ముందు పెడతారు. కొనేవాళ్ళ పేరు దగ్గర ఖాళీ, తేదీ దగ్గర ఖాళీ. వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసేస్తాం. డబ్బు ఖాతాలో పడిందని మెసేజ్ రాగానే తాళాలు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలు అన్నీ ఇచ్చేసి ఇంటికొచ్చేస్తాం. ఆ ఫారం కొన్నవాళ్ళ బ్యాగులోకో, పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీ వాళ్ళ బీరువాలోకో పోతుంది.

కానీ ఆ ఫారం వాళ్ళది కాదు. బండి అమ్మేశానని అమ్మినవాళ్ళు ఆర్టీఏకు చెప్పుకునే కాగితం అది. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్‌లో ఈ సంగతి స్పష్టంగా ఉంది. అదే రాష్ట్రంలో రిజిస్టరైన బండి అయితే 14 రోజుల్లోగా, వేరే రాష్ట్రంలో రిజిస్టరైనదైతే 45 రోజుల్లోగా అమ్మినవాళ్ళు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. తెలియజేసిన దానికి నకలు ఒకటి కొన్నవాళ్ళకు పంపాలి. కొన్నవాళ్ళు తమ వంతుగా బండిని తమ పేరు మీదికి మార్చమని 30 రోజుల్లోగా ఫారం 30తో దరఖాస్తు పెట్టుకోవాలి. చట్టం ప్రకారం అసలు ఆఫీసుకు, నకలు కొన్నవాళ్ళకు. మనం చేస్తున్నదేమిటంటే అసలు కొన్నవాళ్ళకు ఇచ్చేసి, ఆఫీసుకు ఒక్క ముక్క కూడా చెప్పకుండా ఊరుకోవడం. అమ్మినవాళ్ళు చెప్పాల్సిన మాటను, చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించే అధికారం అవతలివాళ్ళకు రాసిచ్చేస్తున్నాం.

సెకండ్ హ్యాండ్ బండ్ల విషయంలో అమాయకుల నెత్తిన పడే కష్టాల్లో చాలా భాగం ఈ ఒక్క కాగితం దగ్గరే మొదలవుతుందని నా నమ్మకం. దాన్ని మళ్ళీ అమ్మేవాళ్ళ చేతికి తేవాలి. అంతటితో ఆగకుండా, దానికి చట్టంలో ఇప్పుడున్న దానికంటే ఎక్కువ బలం ఇవ్వాలి. ఈ రెండో మాటకు అభ్యంతరం చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళలో మంచి న్యాయవాదులూ ఉన్నారు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు యజమాని ఎవరనే సంగతి. మామూలు వ్యవహారంలో ఒక వస్తువుకు బేరం కుదిరి, డబ్బు చేతులు మారి, వస్తువు అప్పగిస్తే అది కొన్నవాళ్ళదే. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతుంది. ఫ్రిజ్‌కైనా గేదెకైనా ఇదే పద్ధతి, కారూ చరాస్తే కాబట్టి అమ్మినవాళ్ళకూ కొన్నవాళ్ళకూ మధ్య లెక్క అక్కడితో తేలిపోతుంది. కానీ రోడ్డు మీద ఆ బండి ఎవరినైనా గుద్దిందనుకోండి, అప్పుడు చూసే నిర్వచనం వేరు. 1988 చట్టం 2వ సెక్షన్, 30వ క్లాజు ప్రకారం ఎవరి పేరున రిజిస్టరై ఉందో వాళ్ళే యజమాని. అప్పు మీద తీసుకున్న బండ్లకు, మైనర్ల పేరున ఉన్న బండ్లకు మాత్రం మినహాయింపులున్నాయి. అంతకుముందున్న 1939 చట్టంలో రిజిస్ట్రేషన్‌కు ఇంత పట్టింపు లేదు. 1988లో కావాలనే మార్చారు. ఎందుకు మార్చారో అర్థమైతేనే తర్వాతి మాటలు అర్థమవుతాయి.

2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు చూడండి. రాసినవారు జస్టిస్ డి.వై. చంద్రచూడ్. 2009లో ఒక కారు వెనక్కి తీస్తుండగా ఒక స్త్రీకి, ఆమె మేనల్లుడికి తగిలింది. పిల్లవాడు చనిపోయాడు. రికార్డులో పేరున్న వ్యక్తి, నేను 2007లోనే అమ్మేశానన్నాడు. అతని దగ్గర కొన్నవాడు 2008లో ఇంకొకరికి అమ్మానన్నాడు. ఆ ఇంకొకరు మరొకరికి అమ్మానన్నాడు. ఆ మరొకరు తానూ అమ్మేశానన్నాడు. ఒక్కరి పేరు కూడా రికార్డులోకి ఎక్కలేదు. హైకోర్టు ఆ వరసలో తర్వాత కొన్న ఒకరి మీద బాధ్యత పెట్టింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, పరిహారం కట్టాల్సింది రికార్డులో పేరున్న మొదటి మనిషేనని చెప్పింది. బిడ్డను పోగొట్టుకున్న కుటుంబం ఎవరి దగ్గర ఎవరు కొన్నారో వెతుక్కుంటూ ఊరూరా తిరగాల్సిన పనిలేదన్నది కోర్టు చెప్పిన కారణం.

ఆ తీర్పు న్యాయమైనదే. నేను బాధితుల పక్షానే నిలబడి ఈ వ్యాసం రాస్తున్నాను. రోడ్డు మీద పడిపోయిన మనిషికి కనిపించేది నంబరు ప్లేటు ఒక్కటే. ఆ నంబరు పట్టుకుని వెళ్తే ఒక పేరు దొరకాలి, ఆ పేరు బాధ్యత తీసుకోవాలి. "అమ్మేశానండీ" అనే ఒక్క మాటతో ఆ పేరు తప్పుకోగలిగితే, ప్రమాదం జరిగిన మర్నాడే పాత తేదీతో బాండు పేపరు పుట్టించేవాళ్ళకు మన దేశంలో కొదవ లేదు.

అయితే ఆ న్యాయం పడే భుజం ఎవరిదో నాకు దగ్గరగా తెలుసు. మా చిన్నాన్న ఖమ్మంలో టీచరుగా చేసి రిటైరయ్యారు. కంటిచూపు తగ్గాక కారు నడపడం మానేసి, ఒక ఆటో కన్సల్టెన్సీకి వ్యాగన్ ఆర్ అమ్మేశారు. వాళ్ళు అడిగిన చోటల్లా సంతకాలు పెట్టారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద డెలివరీ నోటు కూడా రాయించుకున్నారు, తేదీ, టైముతో సహా. మా ఇళ్ళల్లో అందరూ అలాగే చేస్తారు, ఆయనకు చెప్పినవాళ్ళూ అంతే చాలన్నారు. చాలాకాలం తర్వాత మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నుంచి నోటీసు వచ్చింది. ఆయన ఎప్పుడూ వెళ్ళని ఊళ్ళో, ఆయన ఎప్పుడూ చూడని మనిషి నడుపుతుండగా ఆ కారు ఒక మోటార్ సైకిల్‌ను గుద్దింది. బండి మీదున్న మనిషి కాలు పోయింది. కారుకు ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయింది, కొన్నవాళ్ళు రెన్యూ చేయలేదు. ఇన్సూరెన్సు కంపెనీ లేదు కాబట్టి మిగిలింది డ్రైవరు, యజమాని. యజమాని అంటే రికార్డు ప్రకారం మా చిన్నాన్న.

"ఆ కాలు పోయిన పిల్లాడిది న్యాయమైన కేసే అమ్మాయ్, కాదనను. కానీ నేనేం చేసుంటే ఇది నా మీదికి రాకపోయేదో ఎవరూ చెప్పట్లేదు" అన్నారాయన. కేసు ఇంకా నడుస్తోంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే నేను ఈ చట్టాలు, తీర్పులు చదవడం మొదలుపెట్టాను.

ఈ పద్ధతి ఎందుకు ఇంత పాతుకుపోయిందో చూద్దాం. ఫీజు ఎక్కువని కాదు. కేంద్ర నిబంధనల ప్రకారం సొంత కారుకు బదిలీ ఫీజు 300 రూపాయలు, కార్డుకు 200. రాష్ట్ర సర్వీసు చార్జీలు కలిపినా లక్షలు పోసి కొన్న కారుకు ఇది లెక్కలోకి వచ్చే ఖర్చు కాదు. అసలు కారణం వ్యాపారంలో ఉంది. కన్సల్టెన్సీ వాళ్ళు కారును తమ పేరు మీదికి మార్చుకుంటే రికార్డులో ఓనర్ల సంఖ్య ఒకటి పెరుగుతుంది. "సింగిల్ ఓనర్ బండి" అని చెప్పి అమ్మడానికి, "సెకండ్ ఓనర్" అని చెప్పి అమ్మడానికి ధరలో చాలా తేడా ఉంటుంది. అందుకే సంతకం చేసిన ఖాళీ ఫారాలు బీరువాలో పెట్టుకుని, ఎవరు కొంటే వాళ్ళ పేరు రాస్తారు. ఓపెన్ సంతకాలంటే ఇవే. కొన్నాయన నాలుగు నెలలు తిప్పి ఇంకొకరికి అమ్మితే ఆ కాగితాలే మళ్ళీ ప్రయాణిస్తాయి. మధ్యలో ఎన్ని చేతులు మారినా రికార్డుకు తెలియదు.

తెలుగువాళ్ళకు ఇంకో కారణం 2014 జూన్ 2న వచ్చింది. అంతకుముందు గుంటూరు బండి హైదరాబాద్‌లో అమ్మితే ఒకే రాష్ట్రంలో పేరు, చిరునామా మారడమే. ఇప్పుడది వేరే రాష్ట్రం వ్యవహారం. అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద అభ్యంతరం లేదనే పత్రం, అంటే ఎన్‌ఓసీ, దొంగ బండి కాదని, కేసులు లేవని తేలడం, ఇక్కడ బండి వయసును బట్టి మళ్ళీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. అక్కడ కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన భాగం వెనక్కి తెచ్చుకోవడం మరో యాత్ర. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతున్నా, ఏపీ 39 నంబరుతో హైదరాబాద్‌లోనూ, టీఎస్ నంబరుతో విజయవాడలోనూ ఏళ్ళ తరబడి తిరిగే కార్లు ఎన్నో. వాటన్నిటి వెనకా ఎవరో అమ్మినవాళ్ళున్నారు, వాళ్ళ పేరు అలాగే ఉంది. పదేళ్ళ నిబంధన వల్ల ఢిల్లీలో తిరగడానికి వీల్లేక చవగ్గా మన వైపు వచ్చిన డీజిల్ బండ్ల సంగతీ ఇంతే.

బ్యాంకు అప్పు మూడో కారణం. ఆర్‌సీ మీద హైపోతికేషన్ (హెచ్‌పీ), అంటే బండి అప్పు కింద తాకట్టులో ఉందన్న రాత, ఉన్నంతకాలం ఫైనాన్స్ ఇచ్చినవాళ్ళ రాతపూర్వక ఒప్పుకోలు లేకుండా పేరు మార్చరు. అప్పు తీరిపోగానే పని అయిపోయిందనుకుని ఫారం 35 మీద హెచ్‌పీ రద్దు చేయించుకోనివాళ్ళు చాలామంది. ఇప్పటికీ కొన్ని ఆర్‌సీల మీద ఆంధ్రా బ్యాంకు పేరుంది. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. పదేళ్ళ కిందట తీరిన అప్పుకు ఇప్పుడు కొత్త బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. "ముందు బండి తీసుకెళ్ళండి, ఎన్‌ఓసీ వచ్చాక పేరు మార్చుకుందురు" అనే మాట అక్కడ పుడుతుంది. దయచేసి ఆ మాటకు ఒప్పుకోకండి. హెచ్‌పీ పోయాకే బండి అమ్మకానికి పెట్టండి.

పేరు మారకపోతే నష్టం ప్రమాదం జరిగినప్పుడే కాదు. చలాన్లు పాత పేరు మీదే వస్తాయి, అది చిన్న విషయం. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఏ సెక్షన్ అలా కాదు. మైనరు బండి నడిపి నేరం చేస్తే ఆ పిల్లవాడి సంరక్షకుడిని గాని, బండి యజమానిని గాని నేరస్థుడిగానే భావిస్తుంది. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. తనకు తెలియకుండా జరిగిందని నిరూపించుకునే భారం కూడా వాళ్ళదే. ఎప్పుడో అమ్మేసిన స్కూటీని ఎవరింటి పదో తరగతి పిల్లవాడో నడిపితే ఆ భారం పాత యజమాని గుమ్మం ముందుకు రావచ్చు. ఇంకా భయంకరమైన ఉదాహరణ కావాలంటే 2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడికి వాడిన మారుతి ఈకో ఉంది. 2011లో మొదటిసారి అమ్ముడైన ఆ బండి ఏడు చేతులు మారి, దాడికి పది రోజుల ముందు నిందితుడి దగ్గరికి చేరిందని ఎన్‌ఐఏ తేల్చింది. ఆ దారంతా వెనక్కి నడిచి ఒక్కొక్కరినీ కనుక్కోవాల్సి వచ్చింది.

ఇన్సూరెన్సు దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇక్కడ కొనేవాళ్ళు మోసపోతున్నారు. పాలసీలో ఇంకా ఎనిమిది నెలలుంది అని చెప్పి అమ్ముతారు. 157వ సెక్షన్ ప్రకారం బండి చేతులు మారగానే థర్డ్ పార్టీ కవరేజీ దానంతటదే కొత్తవాళ్ళకు వస్తుంది. రోడ్డు మీద పోయే మనిషికి రక్షణ తెగిపోకూడదని ఆ ఏర్పాటు. మన సొంత కారుకు జరిగే నష్టం సంగతి అలా కాదు. ఆ భాగం దానంతటది రాదని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 14 రోజుల్లోగా కంపెనీకి రాసి పాలసీ మీద పేరు మార్పించుకోవాలి. మార్పించుకోకపోతే కొన్న కారు బాడీ నుజ్జయినా, దొంగలెత్తుకుపోయినా కంపెనీ డబ్బివ్వదు, ఎందుకంటే పాలసీదారు వేరు, నష్టపోయినవాళ్ళు వేరు. ఏళ్ళ తరబడి క్లెయిమ్ లేకుండా కూడబెట్టుకున్న నో క్లెయిమ్ బోనస్ కూడా బండితో రాదు, అది మనిషిది. అమ్మినవాళ్ళు దాన్ని తమ తర్వాతి కారుకు తీసుకెళ్ళొచ్చు, కొన్నవాళ్ళు ఆ తేడా డబ్బు కట్టాలి. ఈ విషయం బేరం రోజున చెప్పే కన్సల్టెన్సీ నాకు ఇంతవరకు తారసపడలేదు.

2020లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన మరో కేసు ఇదే సూత్రాన్ని ఇంకో వైపు నుంచి చూపిస్తుంది. ఒక లారీ బోల్తాపడింది. యజమాని క్లెయిమ్ పెడితే, నువ్వు దాన్ని మూడేళ్ళ కిందటే అమ్మేశావు కాబట్టి ఇవ్వం అంది కంపెనీ. కోర్టు ఒప్పుకోలేదు. రికార్డులో అతని పేరే ఉంది కాబట్టి అతనే యజమాని, కంపెనీ డబ్బివ్వాల్సిందే అంది. పేరు మనకు నష్టమొచ్చినప్పుడూ పనిచేస్తుంది, లాభమొచ్చినప్పుడూ పనిచేస్తుంది. చట్టం ఇంత నిలకడగా ఒకే మాట మీద ఉన్నప్పుడు, ఆ పేరు వెంటనే, తేలిగ్గా మారే దారి కూడా చట్టమే చూపించాలి కదా.

ఇక్కడ నా అసలు వాదనకు వస్తాను. ఒకవేళ మా చిన్నాన్న చట్టం చెప్పినట్టే 14 రోజుల్లోగా ఫారం 29 ఆర్టీఏకు పంపి ఉన్నారనుకోండి. కొన్నవాళ్ళు ఫారం 30 పెట్టలేదు. అప్పుడు రికార్డులో పేరు ఎవరిది? ఆయనదే. నిర్వచనం చూసేది రిజిస్టరైన పేరును. తన బాధ్యత తాను నెరవేర్చిన మనిషికి ఇది పూర్తి రక్షణ ఇవ్వదు. కోర్టులో తన నిజాయితీకి సాక్ష్యంగా పనికొస్తుంది, కొన్నవాళ్ళ మీద తర్వాత డబ్బు వసూలు దావాకు పనికొస్తుంది, అంతే. చెప్పే బాధ్యత అమ్మినవాళ్ళ మీద పెట్టి, చెప్పినందువల్ల దక్కాల్సిన విడుదల మాత్రం కొన్నవాళ్ళ చేతిలో పెట్టింది చట్టం. ఈ లోపాన్ని సరిదిద్దాలి.

కాలిఫోర్నియాలో ఉంటున్న మన తెలుగువాళ్ళు పాత కారు అమ్మినప్పుడు ఏం చేస్తారో అడిగి చూడండి. అమ్మిన ఐదు రోజుల్లోగా అక్కడి మోటారు వాహనాల శాఖకు విడుదల నోటీసు పెడతారు. ఆన్‌లైన్‌లో కొన్ని నిమిషాల పని. కొన్నవాళ్ళ పేరు, చిరునామా, తేదీ, మీటరు రీడింగు. ఆ నోటీసు రికార్డులోకి ఎక్కితే ఆ తర్వాత వచ్చే పార్కింగ్ జరిమానాలకు, ప్రమాదాలకు అమ్మినవాళ్ళ బాధ్యత ముగుస్తుంది. కొన్నవాళ్ళు పేరు మార్చుకోవడానికి వాళ్ళ గడువు వాళ్ళకుంటుంది, అది అమ్మినవాళ్ళ బాధ కాదు. బ్రిటన్‌లోనూ కారు అమ్మగానే ఆ సంగతి లైసెన్సింగ్ సంస్థకు ఆన్‌లైన్‌లో చెప్పే పని అమ్మినవాళ్ళదే. ఆ దేశాల పద్ధతులన్నీ మనకు సరిపడవు. కానీ ఇక్కడ ఖాళీ ఫారం మీద సంతకం పెట్టిన కుర్రాళ్ళే అక్కడ అదే వారంలో నోటీసు పెడుతున్నారంటే లోపం మనుషుల్లో లేదు, దారిలో ఉంది.

ఇక అభ్యంతరాలు. అమ్మినవాళ్ళను నోటీసుతో వదిలేస్తే బాధితులకు అన్యాయం జరుగుతుందన్నది మొదటిది, బలమైనది. నోటీసు ప్రమాదానికి ముందే సర్కారు సర్వర్‌లో తేదీ, సమయంతో నమోదై ఉండాలని, కొన్నవాళ్ళు ఆధార్ ఓటీపీతో "అవును, నేను కొన్నాను" అని ఒప్పుకుని ఉండాలని షరతు పెడితే బాధితులకు పోయేదేమీ లేదు. నంబరు పట్టుకుని వెళ్తే పేరు దొరుకుతుంది, అదీ బండి నిజంగా ఎవరి చేతిలో ఉందో ఆ పేరు. థర్డ్ పార్టీ కవరేజీ 157వ సెక్షన్ వల్ల ఎలాగూ కొనసాగుతుంది. నోటీసు లేకపోతే ఇప్పటి పద్ధతే, రికార్డులో పేరున్నవాళ్ళే బాధ్యులు. స్టాంపు కాగితాలకు, డెలివరీ నోట్లకు విలువ ఇవ్వమని నేను అడగడం లేదు. 2018 తీర్పు భయపడింది తోక తెలియని అమ్మకాల గొలుసుకు. ప్రతి అమ్మకమూ అదే రోజు నమోదైతే ఆ గొలుసే ఉండదు.

ఊళ్ళో పెద్దవాళ్ళు, ఫోన్ రానివాళ్ళు ఏం చేస్తారనేది రెండోది. మీసేవ ఉంది, సచివాలయాలున్నాయి. కరెంటు బిల్లు కట్టే చోటే ఇదీ చేయొచ్చు.

వ్యాపారం దెబ్బతింటుందనేది మూడోది. దీనికి జవాబు కేంద్రమే ఇచ్చేసింది. 2022 డిసెంబరులో పాత బండ్ల డీలర్ల కోసం కొత్త నిబంధనలు తెచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో పెట్టింది. వాటి ప్రకారం ఆర్టీఏ దగ్గర అధికార పత్రం తీసుకున్న డీలరుకు బండి అప్పగిస్తే, ఆ అప్పగింతను పోర్టల్‌లో తెలియజేయాలి. ఆ క్షణం నుంచి డీలరునే యజమానిగా భావిస్తారు. బండి మీద వచ్చే సంఘటనలకు బాధ్యత డీలరుదే. తన పేరున ఆర్‌సీ మార్చుకోనక్కర్లేదు, ఓనర్ల సంఖ్య పెరగదు. బండి ట్రయల్‌కో, సర్వీసింగ్‌కో బయటికి వెళ్తే ఎలక్ట్రానిక్ రిజిస్టర్‌లో రాయాలి. నేను ఇంతసేపూ అడుగుతున్నది ఇదే. డీలరు విషయంలో సాధ్యమైనది ఇద్దరు మామూలు మనుషుల మధ్య ఎందుకు సాధ్యం కాదు? పోర్టల్ అదే, ఓటీపీ అదే. ఒక్క చిన్న సవరణ, 50వ సెక్షన్ కింద అమ్మినవాళ్ళిచ్చే సమాచారానికి కూడా ఇదే ఫలితం ఇవ్వడం.

అప్పటిదాకా, కన్సల్టెన్సీకి అమ్మేవాళ్ళు మొదట అడగాల్సింది రేటు కాదు, ఆ అధికార పత్రం. చూపించలేకపోతే లేచి వచ్చేయండి. ఐదు వేలు తక్కువొచ్చినా పత్రం ఉన్నవాళ్ళకే ఇవ్వండి. వ్యక్తులకు అమ్మితే ఫారం 29, 30 పూర్తిగా నింపి, పేరు, చిరునామా, తేదీ రాసిన తర్వాతే సంతకం పెట్టండి. దరఖాస్తు మీ కళ్ళ ముందే అప్‌లోడ్ అయ్యాక, రసీదు మీ చేతికొచ్చాక తాళాలు ఇవ్వండి. బంధువే కదా, ఆఫీసులో స్నేహితుడే కదా అని మొహమాటపడొద్దు. బాగా తెలిసినవాళ్ళ దగ్గర "తర్వాత మార్చుకుంటాలే" అన్న మాట ఎక్కువకాలం నిలబడుతుంది, అడగడానికి మనకు నోరు రాదు కాబట్టి. ఫాస్టాగ్ మీ ఖాతాతో ఉంటుంది, ఆ రోజే మూసేయండి.

అమెరికాకో, ఆస్ట్రేలియాకో వెళ్తూ ఆఖరి వారంలో కారు అమ్మే పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. ఓటీపీ వచ్చేది ఆర్‌సీకి తగిలించిన నంబరుకే. పిల్లలు విమానం ఎక్కాక ఆ సిమ్ ఆగిపోతే అమ్మిన మీకూ దారి ఉండదు, కొన్నవాళ్ళకూ ఉండదు. టికెట్ కొన్న రోజే కారు సంగతి మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ పేరున మిగిలిన బండిది వేరే దారి. 30 రోజుల్లోగా ఆర్టీఏకు తెలియజేస్తే వారసులు మూడు నెలల వరకు నడుపుకోవచ్చు, ఆ లోపు ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. ఆ పని చేయకుండా పోయినవాళ్ళ సంతకం ఎవరో పెట్టి అమ్మేస్తున్నారు. అది ఫోర్జరీ. ఇంట్లోవాళ్ళే చేసినా ఫోర్జరీయే.

కొనేవాళ్ళూ ఇది తమకు సంబంధం లేని గొడవ అనుకోవద్దు. ఖాళీ ఫారాలతో బండి తెచ్చుకుంటే అది మీదని రికార్డులో ఎక్కడా లేదు. రేపు అమ్మినాయన చనిపోతే, ఆయన పిల్లలు ఇది మా నాన్న బండి అంటే, పోలీసులు మొదట నమ్మేది వాళ్ళనే. కారు పోయిందని స్టేషన్‌కు వెళ్ళినా అదే ప్రశ్న ఎదురవుతుంది.

ఇప్పటికే అమ్మేసి, పేరు మారిందో లేదో తెలియనివాళ్ళు ఈ రోజే ఎంపరివాహన్ యాప్‌లో పాత నంబరు కొట్టి చూడండి. యజమాని పేరు అక్షరాలు కొన్ని దాచి చూపిస్తుంది, మీదో కాదో గుర్తుపట్టడానికి చాలు. ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో కూడా కనిపిస్తుంది, అది అయిపోయి ఉంటే ఆలస్యం అసలు చేయొద్దు. ఈ-చలాన్ సైట్‌లో అదే నంబరు కొడితే బండి ఎక్కడెక్కడ తిరుగుతోందో కొంత తెలుస్తుంది, ఫొటోలూ ఉంటాయి. కొన్నాయనకు ఫోన్ చేయండి. ఎత్తకపోతే అమ్మకం కాగితాల నకళ్ళు జతచేసి, తేదీ వేసి, ఫారం 29 మీ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు రసీదు వచ్చే పోస్టులో పంపండి. ఇంకో ప్రతి కొన్నాయన చిరునామాకు పంపండి. బండి ఎక్కడుందో, ఎవరి దగ్గరుందో తెలియకపోతే పోలీసు స్టేషన్‌లో రాతపూర్వకంగా ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. ఇది మిమ్మల్ని పూర్తిగా విడిపించదని పైన చెప్పాను. అయినా ట్రిబ్యునల్ ముందు నిలబడాల్సి వస్తే, మీరు ప్రమాదానికి ముందే చెప్పారనడానికి చూపించగలిగేవి ఈ తేదీలే. మా చిన్నాన్న వకీలు మొదటి రోజే అడిగింది ఆ రసీదు ఉందా అని.